పడవకు అంగీ

నీళ్లు వెనక్కి పోయినయి.
నేరేడుగొమ్ము దిక్కు ఒడ్డంతా
నెర్రెలిచ్చిన బురద.
ట్రాక్టరుకు ట్రైలరు తగిలించి
పడవను ఇంటికి తెచ్చుకున్నం,
ఈనబోయే బర్రెను తోలుకొచ్చినంత నిదానంగ.

మా వాన వేరు, మా నీళ్లు వేరు.
వాన మిరుగుకే మీద పడ్తది,
నీళ్లు మాత్రం శ్రీశైలం గేట్లు ఎత్తినంకనే.
ఆ నడుమ రెండు నెలలు
పడవ నేల మీద తడుస్తది.

పోయినేడు అగ్గువ సూసి
దేవరకొండ సంతల నీలం పట్ట కొన్న.
ఎండకు కుబుసం లెక్క పొరలూడింది.
మొదటి వానకు నడుమ కుంట పడ్డది,
ఆ బరువుకు కూసునే బల్ల పుటుక్కున విరిగింది.
కింద చెమట, చెమటకు బూజు,
ఇంజను మూతిల కందిరీగల మట్టిగూడు.
"నీళ్లల్ల ఆరేండ్లు ఏం గాలే,
వాకిట్ల నాలుగు నెలలకే ఖరాబు జేసినవ్"
అన్నది సైదమ్మ.
నేనేమంట?

ఈసారి జానీమియాను పిలిచిన.
ముప్పై ఏండ్ల సంది లారీ పట్టలు కుట్టే మనిషి,
పడవను ఇంత దగ్గర ఎన్నడు సూడలే.
టేపు మెడల ఏసుకొని
చుట్టూ మూడు మాట్ల తిరిగిండు.
"లారీకి మూలలుంటయి.
దీన్ని ఏడ మొదలువెట్టాలె?"
ముక్కు కాడ, అన్న.

టేపు సాలక జానలతోటి కొలిచిండు,
బీడీకట్ట కాయితం మీద రాసుకున్నడు.
కొంచెం వదులుగ కుట్టు మియా, అంటే
నవ్విండు.
"పెరిగే పోరనికైతే నాలుగేళ్లు ఎక్కువ పెడ్త.
పడవ పెరుగుతదా?
వదులున్న కాడ గాలి జొరవడ్తది,
రాత్రంతా కొట్టుకొని కొట్టుకొని
రంగు గీకేస్తది."

బట్ట ఎంచేటప్పుడు
ఒక్కో ముక్క నోటికి అడ్డం పెట్టుకొని ఊదిండు,
అవతల నా అరచెయ్యి పెట్టమన్నడు.
మైకా పట్టకు ఏం తగల్లే.
బూడిదరంగు ముక్కకు
సన్నగ, వెచ్చగ,
ఆయన పొద్దుగాల తిన్న ఉల్లిగడ్డ వాసనతోటి.
తర్వాత దాని మీద చాయ్ గ్లాసు వంచిండు,
చామాకు మీద లెక్క దొర్లిపోయింది.
"గిది."

ఆరువేల ఎనిమిది వందలు.
సైదమ్మ తన రైక కుట్టుకూలితోటి భాగించి
ఎన్ని రైకలో చెప్పింది.

నడుమ వెదురు గుంజ నిలవెట్టిన,
గుడిసె వాలు లెక్క నీళ్లు జారాలె.
కొసలు తగిలే కాడ పాత సైకిలు ట్యూబు,
గంతకు పాత సాక్సు.
పట్టీలు ట్రైలరు కడుపు కిందికెల్లి తీసి
ముక్కు కాడనుంచి బిగించుకుంట వెనక్కి వచ్చిన.
వెనకనుంచి మొదలువెడితే ఏమైతదో
కొండమల్లేపల్లి రోడ్డు మీద ఒకపారి తెలుసుకున్న,
పట్ట గాలి తాగి పొట్ట ఉబ్బింది,
ఎనక బస్సువాడు హారను కొట్టుడు ఆపలే.
తడిసిన పట్టను మడత పెట్టొద్దు.
ఇది మాత్రం ఎవరూ చెప్పలే,
వాసన చెప్పింది.

భాద్రపదంల నీళ్లొచ్చినయి.
పట్ట ఇప్పితే
లోపల పొడి దుమ్ము,
పోయినేటి చేప పొలుసు ఒకటి
బల్లకు అంటుకొని మెరుస్తున్నది.

జానీమియాను ఎక్కించుకున్న.
ఈత రాదట, భయమట,
అయినా వచ్చిండు.
చుట్టూ కనుచూపు మేర నీళ్లు,
నీళ్లల్ల గుట్టలు,
ఆయన ఒక్కపారి కూడ తలెత్తలే.
మడత పెట్టిన పట్టను ఒళ్లె ఏసుకొని
వేలితోటి కుట్లు తడుముకుంట కూసున్నడు.

ఒడ్డు దిగినంక అన్నడు,
ముక్కు కాడ ఒక కుట్టు వదిలిందట.
రేపు తెమ్మన్నడు.