ఆఁ, చెప్పండి

రాత్రి పదకొండున్నర. బెంజి సర్కిల్ వంతెన మీద లారీలు పలచబడ్డాయి.
మూడో అంతస్తులో నేనూ, ఏసీ చప్పుడూ, నల్ల తెరా.
పేరు పెట్టి పిలిచాను.
శూన్యం తిరిగొచ్చింది.
తప్పని కూడా అనలేదు,
తట్టిన చోట తలుపే లేనట్టు.

బిల్లులు వేసే సర్వీసు అది. ఎక్కడ కాపురముంటుందో నాకు తెలీదు.
తెలియనక్కర్లేదనే కదా ఈ ఏర్పాటంతా:
పేరు చెబితే చాలు, రిజిస్ట్రీ వెతికి చేతిలో పెడుతుంది.
లోపల ఎవరున్నారని అడక్కూడదు.

పొద్దున్నే ఆటోనగర్. చేతిలో కాగితం చుట్టిన స్కూటీ సెల్ఫ్ మోటారు.
"నాగుల్ మీరా వైండింగ్ ఎక్కడండీ?"
టీ బడ్డీ సైదమ్మ, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూనే
గడ్డంతో చూపించింది:
"రేడియేటర్ల కొట్టు దాటు. గ్రీజు మడుగు పక్కన."
ఆవిడకి చదువు రాదు. ఈ రోడ్డులో బోర్డులన్నీ ఆవిడే.

షెడ్డులో ఓ కుర్రాడు రాగితీగ చుడుతున్నాడు.
"నాగుల్ మీరా గారూ?"
"ఆఁ, చెప్పండి."
ఇరవై రెండుంటాయేమో. మెడలో సన్నటి సిలువ.
"ఆయన పోయి నాలుగేళ్ళండీ. నా పేరు ఏసుపాదం."
"మరి పలికావేం?"
"మీరు పిలిచింది మోటారు పనికే గదా!"
తల వంచి మళ్ళీ చుట్టసాగాడు.
"ఆయన లెక్కే నాదీ. ఒక్క చుట్టు తగ్గినా మోటారే చెప్పేస్తది."

మధ్యాహ్నానికి నా తప్పు దొరికింది.
పేరు మధ్యలో చుక్క ఉండాల్సిన చోట గీత పెట్టాను.
అంతే. గీతకి ఆరు గంటల నిద్ర.

సైదమ్మనైతే
మీరా సాయిబనీ, మోటార్ల ముసలాయననీ,
ఆఖరికి "అదేనమ్మా, దగ్గుతుంటాడే" అనీ అడిగినా
అదే షెడ్డుకి పంపేది.
కానీ ఆవిడ ఊరెళ్ళిన రోజున
విరిగిన సామాన్లు పట్టుకుని ఆ రోడ్డంతా
ఎటు తిరిగేదో.

సాయంత్రం చుక్క పెట్టి మళ్ళీ పిలిచాను.
పలికింది. ఎవరో, ఎక్కణ్ణించో.
బిల్లులు కదిలాయి.

అప్పుడే ఫోను మోగింది, తెలియని నంబరు.
"స్కూటీ మేడమేనా?"
మా అమ్మ పెట్టిన పేరు నోటిదాకా వచ్చింది.
మింగేశాను.
"ఆఁ, చెప్పండి."