రెండు గంటల ఆలస్యం

ముష్ ఊరి బస్టాండు దగ్గర నన్ను ఎక్కించుకున్నారు.
రోజుకు ఇంతని, భోజనం వాళ్లదేనని.
దుబాసీ పని. రిటైరైన బడిపంతులికి
ఇంతకంటే ఏం దొరుకుతుంది?
వెనక సీటని వాళ్లు అన్నది
రెండు పెట్రోలు డబ్బాల మధ్య ఒక చెక్కపలక.

పాత ల్యాండ్‌రోవర్, ఉడికిన బఠాణీ రంగు.
తాతగారి బండి లాంటిదే, అదే మాత్రం కాదు;
అది ఎక్కడో కోళ్లకు గూడైపోయిందట.
అయినా ఫొటోలు చూసుకుంటూ
ప్రతి సొట్టనూ సుత్తితో కొట్టి తెచ్చారు.
నవ్వు ఆపుకున్నాను.
సొట్టకు కూడా నకలు తీస్తారా ఎవరైనా!

టామ్సిన్ నడుపుతుంది. పక్కన ఆమె చిన్నాన్న కొడుకు పియర్స్,
మోకాళ్ల మీద తాతగారి లాగ్‌బుక్కు.
లండన్ నుంచి కలకత్తా దాకా, యాభై ఆరులో,
గడ్డాలు రాని ముగ్గురు కుర్రాళ్లు.
పియర్స్ గట్టిగా చదువుతాడు;
గేరు మారినప్పుడల్లా ఇంజను ఒక మాట మింగేస్తుంది.

"మే పద్నాలుగు. మురాద్ నది. వంతెన లేదు.
ఎద్దులతో లాగించాం. ఆలస్యం: రెండు గంటలు."
అంతే.
ఆ కింద టీ గురించి నాలుగు లైన్లు.

ఇప్పుడు వంతెన ఉంది.
దాని మీదుగా వెళితే ప్రయాణం చెల్లదట.
పాత రేవు వెతుక్కుంటూ వెళ్లాం,
మంచు కరిగి నీళ్లు పాలవిరుగుడులా పారుతున్నాయి.
గట్టున గడ్డిమోపు మీద కూర్చున్న బెస్నా అవ్వ
బండిని చూసి లేవలేదు.
"మళ్లీ వచ్చిందా ఇది?" అంది,
తప్పిపోయిన మేకను అన్నట్టు.

ఫొటో చూపించాం.
నడుముల్లోతు నీళ్లలో బండి, దాని మీద ముగ్గురు, నవ్వు.
అంచున, సగానికి తెగిపోయిన ఒక కొమ్ము.
గోటితో దాన్ని తట్టింది:
"బోజో."

ఆమె చెప్పింది, నేను మాట వెంట మాట మార్చాను.
ముందుకాలు రాళ్ల మధ్య ఇరుక్కుందని,
ఎముక విరిగిన చప్పుడు గట్టు మీదికి వినిపించిందని,
అప్పుడు తనకు తొమ్మిదేళ్లని,
ఆ రాత్రి ఊరంతా మాంసం తిన్నదని,
నాన్న ముట్టలేదని,
ఆ ఏడు దుక్కిలో కాడికి రెండో వైపున
అమ్మ మెడ పెట్టిందని.

పియర్స్ పేజీ వెనక్కి తిప్పాడు. ముందుకు తిప్పాడు.
టీ గురించి నాలుగు లైన్లు.

"డబ్బేమైనా ఇచ్చారేమో అడగండి," అంది టామ్సిన్.
"ఇవ్వకేం! ఒక సిగరెట్టు డబ్బా.
ఖాళీది కాదులే, సగముంది."
ఆ తర్వాత నదివైపు చూస్తూ
ఇంకో మాటంది అవ్వ. చిన్న మాటే.
"ఏమంటున్నారు?"
దానికి మీ భాషలో మాట లేదన్నాను.
ఉంది.
నా కూలి ఇంకా చేతికి రాలేదు.

బండి నీళ్లలో దిగింది.
నడిమధ్యన రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
ఇది నకలు కాదు, నిజంగానే ఆగింది.
అవ్వ మనవడు ట్రాక్టరు తోలుకొచ్చాడు,
తాడు కట్టకముందే చెయ్యి చాపాడు.
నాలుగు వేల లీరాలు. ముందే.
తడి వేళ్లతో నోట్లు లెక్కపెడుతుంటే
గట్టు మీంచి అవ్వ కూడా పెదాలు కదుపుతూ
లెక్కపెట్టింది.

అవతల ఒడ్డున టామ్సిన్ కొత్త పుస్తకం తెరిచి
"బోజో ఎలా రాయాలి?" అంది.
అక్షరం అక్షరం చెప్పాను.
రాసింది. కింద "ఆలస్యం" అని రాసి
పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసి,
చివరికి ఏమీ రాయలేదు.

పియర్స్ స్పార్కు ప్లగ్గులు చొక్కాతో తుడుస్తున్నాడు.
పలక మీద నేను, మోకాళ్ల దాకా తడి.
అవ్వ అన్న మాట ఇంకా బుగ్గనే ఉంది,
ఆప్రికాట్ గింజలా,
ఉమ్మడానికి చోటు చూసుకుంటూ.