బియ్యం డబ్బాలో లెన్సు

మొదటిది యాషికా.
ఓడ దిగిన మలయాళీ వంటవాడి దగ్గర
పూర్ణా మార్కెట్ వెనక సందులో
రెండు నెలల ఓవర్‌టైం పోసి కొన్నాను.
రీలుకి ముప్ఫయ్యారు.
ముప్ఫయ్యారే కదా అని
నొక్కే ముందు ఊపిరి బిగబట్టేవాణ్ణి,
కోక్ ఓవెన్ తలుపు తెరుచుకునే ముందు
అందరం బిగబట్టినట్టు.

సి షిఫ్టు దిగి,
కంట్లో బొగ్గునలుసు అలాగే ఉండగా
స్కూటర్ మీద గాజువాక దాటి, కాన్వెంట్ జంక్షన్ దాటి
బీచ్ రోడ్డుకి చేరేసరికి తెల్లారేది.
అన్నీ పొద్దుపొడుపులే.
ఆల్బం తిరగేసి మా ఆవిడ వరహాలు
"రోజూ వాడేనా?" అంది.

తర్వాత డిజిటల్ వచ్చింది. లెక్క పోయింది.
లెక్కతో పాటే ఊపిరి బిగబట్టడమూ పోయింది.
పీఎఫ్ లోను పెట్టి మోచేతంత జూమ్ కొన్నాను.
కొండకర్ల ఆవలో నడుంలోతు నీళ్ళలో నిలబడి
కొంగ కంటిలో నా నీడ కోసం వెతికాను.
రాళ్ళ మీద మూడుకాళ్ళ స్టాండు పాతి
కెమెరా కన్ను అరనిమిషం తెరిచి ఉంచి
అలల్ని పొగ చేశాను.
ఎన్నడూ లేని ఊదారంగు ఆకాశానికి పూశాను.
రుషికొండ వాళ్ళే గుర్తుపట్టలేని రుషికొండ.
ప్లాంటు కేలెండర్‌లో వేశారు కూడా, జూలై నెలకి.
ఉప్పుగాలి మాత్రం ఏమీ అనలేదు,
సంచి లోపలికి దూరి కూర్చుంది.

ఒక వానాకాలం చివర
పాత యాషికా లెన్సుని ట్యూబ్‌లైటుకి ఎత్తి చూస్తే
అంచు నుంచి మధ్యకి తెల్లని సన్నని వేర్లు.
దాబాగార్డెన్స్ మేడ మీద వలీ భాయ్
కంటికి గొట్టం బిగించుకుని చాలాసేపు చూశాడు.
"బూజు సార్.
ఈ ఊళ్ళో లెన్సు కొన్నవాడు
సముద్రానికి వాటా ఇవ్వాల్సిందే.
విప్పితే నాలుగు వేలు. విప్పినా మళ్ళీ వస్తది."

సిలికా పొట్లాలయ్యాయి,
జీరో బల్బు పెట్టిన చెక్కపెట్టె అయింది.
బియ్యం డబ్బాలో దాచమన్నారెవరో.
రాత్రి బియ్యం తీస్తూ చేతికి తగిలి
వరహాలు కెవ్వుమంది.
"దీనిక్కూడా ఎసరు పెట్టీమంటావా?"

జూమ్ అమ్మేశాను.
మధురవాడ నుంచి ఎవరో కుర్రాడు వచ్చి
అట్టపెట్టె, బిల్లు, మూతతో సహా పట్టుకుపోయాడు.
కుడిభుజం ఇంకా వంగే ఉంది.

ఇప్పుడున్నది చిన్నది,
ముందుకీ వెనక్కీ పోని ఒంటికన్ను.
పోవలసింది నా కాళ్ళే.
ఫిషింగ్ హార్బర్‌లో, వేలంపాట అరుపుల మధ్య,
ఐసునీళ్ళు చెప్పుల్లోకి కారుతుంటే
మైలపిల్లి నూకాలు గంప ముందు గొంతుకూర్చున్నాను.

"ఏటి బాబూ, ఆ పెద్ద గొట్టం ఏటైపోనాది?"
అమ్మీసేనన్నాను.
"ఆ గట్టు మీద నిలబడి తీసీవోడివి.
తుపాకీ అనుకునీవోళ్ళం" అని నవ్వింది.
ఆ నవ్వు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
"నా మొకం ఎవులిక్కావాల?
సందువా తియ్యి.
పొద్దెక్కితే దాని నిగనిగ పోతాది.
నా మొకం రేపూ ఇలగే ఉంటాది."

సందువా తీశాను.
దాని పక్కనే పొలుసులంటిన ఆమె బొటనవేలు పడింది.
ఇంటికొచ్చి చూస్తే
చేప కంటే వేలే ఎక్కువ మెరుస్తోంది.
రెండూ ప్రింటు వేయించి ఇచ్చాను.
చేపని బిడ్డలకి చూపించిందట,
వేలు ఎవరిదో అడిగిందట.

రిటైరయ్యాను.
తెల్లవారుజాములన్నీ నావే ఇప్పుడు,
నిద్రపోతున్నాను.

నిన్న సాయంత్రం
ఎవరూ కొనని ఆ బూజు లెన్సుకి
మూడొందల రింగు తగిలించి ఈ చిన్నదానికి బిగించాను.
వంటింటి కిటికీ దగ్గర చేటలో బియ్యం ఏరుతోంది వరహాలు.
వెలుగు చెంప దాటి ఒలికింది,
పొంగిన పాలు పొయ్యి మీదికి పోయినట్టు.
చేట అంచు ఎక్కడ ఆగిందో,
వేళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు.
చాలా ఏళ్ళకి ఊపిరి బిగబట్టాను.

ఆమె తలెత్తలేదు.
"పక్కకి జరుగు,
వెలుగుకి అడ్డం."