చల్లారిన బానెట్

జూన్ నెల. సాంతియాగోలో చలికాలం.
పొగ మూత పెట్టిన గిన్నెలా ఊరు.
తూర్పున కొండలున్నాయని
పిల్లలకు బొమ్మ గీసి చెప్పాల్సిన రోజులు.

ఎదెల్మీరా కారు బ్యాటరీ చచ్చి పదకొండు రోజులు.
మెకానిక్ రేపంటాడు. రేపొస్తే మళ్లీ రేపంటాడు.
ఈలోగా ఆమె బస్సెక్కింది,
ఎవరి అప్పో తీర్చడానికి పోతున్నట్టు
మొహం పెట్టుకుని.

కరెంటు బస్సు. చప్పుడు లేదు.
ముందు సీట్లో ముసలాయన ఒళ్లో వేడి రొట్టెల సంచి,
అద్దం మీది ఆవిరిలో ఎవరో గీసిన చేప,
నిలబడే కునుకు తీస్తున్న నర్సు.
ఖాతాలు రాసే మనిషి కదా, ఊరుకోలేక లెక్కపెట్టింది:
యాభై ఇద్దరు.
కిటికీ అవతల కదలని వరసలో
యాభై కార్లు,
కారుకొక తలకాయ.
మొన్నటిదాకా అందులో తనదీ ఒకటి.

బ్యాటరీ వచ్చింది. బిగించారు.
తాళంచెవి మాత్రం చక్కెర డబ్బా పక్కనే ఉండిపోయింది.
శపథమేమీ పట్టలేదు.
ఇవాళ అద్దం మీద ఏం గీశారో
చూడాలనిపించింది, అంతే.

మిగిల్చిన పొగకు రసీదు ఉండదు.
తూకం వేద్దామంటే తక్కెడకు ఎక్కదు.
వాన వెలిశాక కొండలు మంచుతో సహా బయటపడితే
"అది వాన పుణ్యం, నాది కాదు" అంటుంది.
ఖాతాల మనిషి, దొంగలెక్క రాయదు.

సాక్షి ఒక్కటే.
సాయంత్రం ఆరింటికి
వెచ్చటి బానెట్ మీద ముడుచుకునే పక్కింటి పిల్లి
వచ్చింది, పాదం ఆనించింది,
చటుక్కున తీసేసింది.
ఆమె వైపు ఒక్క చూపు చూసి
గోడ దూకి పోయింది.