గైర్హాజరీ పట్టిక

పౌరసత్వం దరఖాస్తులో ఒక పట్టిక ఉంటుంది.
దేశం విడిచిన తేదీ, తిరిగొచ్చిన తేదీ,
వెళ్ళిన చోటు, కారణం.
కారణం రాసే గడి
బొటనవేలంత.

కుతైసి, పదకొండు రోజులు, అమ్మ కంటి ఆపరేషన్.
గ్రాండ్ ఫోర్క్స్, ఒక్క పూట, కారు టైర్లు చవక.
సరిహద్దు దాటి సాయంత్రానికి వచ్చేశాను కదా, ఇదీ రాయాలా అంటే
రాసెయ్, దాచేంత గొప్ప రహస్యమా
అంది లిగాయా.

మార్చిలో పంపాను.
సెప్టెంబరులోనూ తెరమీద అదే మాట,
పరిశీలనలో ఉంది.
బేకరీలో తెల్లవారుజామున
పిండి పొంగడానికి వదిలి కప్పిన గుడ్డలాంటి మాట.
ఎత్తి చూడకూడదు.
చూడకపోతే తోచదు.

అప్పుడు చేశాడు ఫోన్ మా అన్న జుంబెర్.
ఈ ఏడు అక్రోట్లు కొమ్మలు విరిగేలా కాశాయి,
నా నడుం పట్టేసింది,
చిన్నప్పుడు నువ్వెక్కేదానివి కదా, ఎతేరీ.
నాకిప్పుడు నలభై ఆరు.
ఆ మాట అనలేదు. టికెట్ కొన్నాను.

విన్నిపెగ్‌లో తలా ఒక మాట.
ఫైలు కదిలే వేళ నువ్వు కదలకు, అంది లిగాయా.
నిక్షేపంలా వెళ్ళిరా, మెయిల్ మాత్రం రోజూ చూసుకో,
అన్నాడు టాక్సీ నడిపే జర్నైల్.
అతని బావమరిది ఎవరిదో పెళ్ళికి వెళ్ళి పరీక్ష తప్పిపోయాడట,
మళ్ళీ పిలుపొచ్చేసరికి
ఆ పెళ్ళికూతురు బిడ్డకి పళ్ళొచ్చాయట.

మా ఊళ్ళో సిగ్నల్ శ్మశానం గట్టు మీదే దొరుకుతుంది.
రోజూ పొద్దుగూకే వేళ
నాన్న సమాధి పక్కన నిలబడి ఫోన్ పైకెత్తి
కెనడా ఏమందో చూసేదాన్ని.
రాతి మీద చెక్కిన బొమ్మలోంచి
నాన్న కూడా కొంచెం మెడ సాచినట్టుండేవాడు.

పగలంతా చెట్టు మీదే.
జుంబెర్ కూతురు తేక్లా, తొమ్మిదేళ్ళది,
నా పరీక్ష పుస్తకం పట్టుకుని కిందనుంచి అరిచేది:
అత్తా, మనిటోబా దేశంలో ఎప్పుడు కలిసింది?
పద్దెనిమిది వందల డెబ్భై! అంటూ కొమ్మ దులిపేదాన్ని.
కాయలు రాలేవి.
తప్పు చెప్పినా రాలేవి.
ఒకరోజు పుస్తకం మొత్తం తిరగేసి
ఇందులో మన ఊరి గురించి ఒక్క ప్రశ్నా లేదేం, అంది.
ఉంటే అందరూ తప్పుతారే, అన్నాను.

పదమూడో రోజు గట్టు మీద ఫోన్ మోగింది.
ముప్పై రోజుల్లోగా మీ వేలిముద్రలు ఇవ్వండి.
చేతులు చూసుకున్నాను.
పచ్చి తొక్క ఒలిచీ ఒలిచీ
గోళ్ళనుంచి మణికట్టు దాకా మసి.
నిమ్మకాయ రుద్దాను, ఉప్పు రుద్దాను,
జుంబెర్ సీసాలో పెట్రోలు తెచ్చాడు.
నెల పడుతుంది, నీకు తెలీదా, అంది వదిన.
తెలుసు.
బడి తెరిచే రోజుల్లో పిల్లలందరి చేతులూ ఇలాగే ఉండేవి.
టీచరమ్మ తిట్టేది కాదు,
ఆమెవీ ఇలాగే ఉండేవి.

టొరంటోలో అధికారి అడిగాడు,
ఎన్నాళ్ళు బయటున్నారు?
పదిహేడు రోజులు. కాగితం చూడకుండా చెప్పాను.
పొలంలోకి వెళ్ళారా?
వెళ్ళాను.
బూట్లు విప్పించారు.
ఒక కుర్రాడు అడుగుల మట్టి బ్రష్షుతో గీకి
మందునీళ్ళలో ముంచి
తడి బూట్లు తిరిగిచ్చాడు, క్షమించండి అంటూ.
చేతుల సంగతి ఎవరూ ఎత్తలేదు.

పోర్టేజ్ అవెన్యూలో మిసెస్ ఫ్లెట్
నా వేళ్ళు ఒక్కొక్కటీ స్పిరిట్ దూదితో తుడిచింది.
దూది నల్లబడలేదు, వేళ్ళు తెల్లబడలేదు.
సిరా పూయడం మేం మానేసి చాలా ఏళ్ళయింది,
మీరు ఇంటినుంచే పూసుకొచ్చారా? అని నవ్వింది.
అక్రోట్లు, అన్నాను.
పరవాలేదు, యంత్రానికి గీతలే కావాలి, రంగుతో పని లేదు.
బొటనవేలు అద్దం మీద పెట్టి నొక్కింది.
తెరమీద
పళ్ళెమంత లేచింది నా వేలు,
గడి పట్టనంత.

సోమవారం నుంచి తొడుగులు వేసుకుని పిండి పిసుకుతున్నాను.
కొనేవాళ్ళు జడుసుకుంటారని యజమాని మాట.
ఇవాళ చిటికెనవేలి మరక వదిలింది.
ఇంకా తొమ్మిది.
తెరమీద మాట మారలేదు.