ఏడు ఎండు చెరువులు దాటి

గుంతకల్లు జంక్షన్ పార్సిల్ ఆఫీసులో
ముప్పై ఒక్క ఏండ్లు మూటలు తూచినాడు కుళ్లాయప్ప.
రాత్రి ఇంటికి పోయి అదే చేత్తో రాక్షసుల్ని తూచేవాడు.
మరీ బరువైనోణ్ని కతలోంచి దించేసేవాడు:
"నవ్వించలేనోడికి కోరలెందుకు సామీ, దండగ."

స్టేషన్ రోడ్డులో నాది అద్దె పుస్తకాల అంగడి.
రోజుకు పావలా.
ఖాకీ అట్టలు, మైదా జిగురు, బొద్దింకలు కొరికిన అంచులు.
డిటెక్టివులు ఒక వరస, కన్నీళ్లు రెండు వరసలు.
ఆయన పద్నాలుగు నవలలకు మాత్రం వరస లేదు,
ఎప్పుడూ ఎవరింట్లోనో ఉండేవి.

మొదటిది రాసిన ఏడు వాన పడలేదు.
బెజవాడ నుంచి వారపత్రిక ఎడిటరు జాబు రాసినాడు:
"రాకుమారుడు దాటవలసినది ఏడు సముద్రాలు గదా,
మీరు ఏడు చెరువులన్నారు. అవీ ఎండినవట!"
కుళ్లాయప్ప కార్డు ముక్క మీద జవాబు:
"అయ్యా, సముద్రంలో ఒక్కసారే సస్తాడు.
నెర్రెలు లెక్కపెట్టుకుంటా చెరువు దాటేవాడు
రోజూ సస్తాడు, నడుమ నడుమ బీడీ అడుగుతాడు.
కత సాగాలంటే వీడే మేలు."
అచ్చేసినారు. పేజీకి మూడు రూపాయలు.

ఆ దుడ్డుతో మాబమ్మకు ముక్కుపుడక తెస్తానని పోయి
రెండు దస్తాల కాగితం, శేరు బొరుగులు తెచ్చినాడు.
ఆమె ఏమీ అనలేదు. ఉగ్గాని చేసింది,
బజ్జీల్లో ఒక్కటి మాత్రం ఆయన కోసం ఏరిన మిరపకాయ.
రెండో నవలలో ఒక మంత్రగత్తె ఉంది,
ముక్కుపుడక బాకీ ఉన్న మొగోళ్లను వెతికి వెతికి
కప్పల్ని చేస్తుంటాది.

రాక్షసుడి ప్రాణం చిలకలో ఉండడం అందరి కత.
ఈయన ఆ చిలకను హుబ్లీ బండికి బుక్ చేయించినాడు,
పొరపాటున డోన్‌లో దించేసినారు.
మూడు తలలోడు మూడు కౌంటర్లలోనూ తల పెట్టి అడుగుతాడు.
రసీదు లేదు. సరుకు విలువ రాయించలేదు.
"పాడయ్యే సరుకా?" అంటాడు గుమాస్తా.
తలలు మూడూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి.
నడిమిది ఏడుస్తుంది.
అక్కడ నేను పడీపడీ నవ్వినా.
మూడోసారి చదివినప్పుడు నవ్వు రాలేదు.

అనంతపురం సభలో ఒక లెక్చరరు లేచి
"సీమలో ఇంత కరువుంటే నీకు రాక్షసులేంది?" అన్నాడు.
"కరువు మా ఇంట్లోనే ఉండాది సార్,
సభకు గూడా పిల్చుకొని రావాల్నా?"
అందరూ నవ్వినారు.
శాలువా మాత్రం మడతలోనే ఉండిపోయింది.

తర్వాత టీవీ వచ్చింది, పత్రిక మూతపడింది.
పదిహేనోది ఎవరూ అడగలేదు.

అద్దె పుస్తకాలకు ఒక జబ్బు,
చివరి పేజీ అన్నిటికన్నా ముందు పోతుంది.
రిటైరైనాక ఆయన సాయంత్రాలు వచ్చి, స్టూలు మీద కూచొని
పోయిన పేజీలు చేత్తో రాసి అంటించేవాడు.
"పాతది గుర్తుందా అన్నా?"
"పాతది ఎవునికి కావాల!"
ఒక కాపీలో చిలక దొరికింది.
ఇంకో కాపీలో చిలకే స్టేషన్ మాస్టరైంది.
మొగుడు పోయిన రైల్వే ఆస్పత్రి నర్సమ్మ
తీసుకుపోయే కాపీలో మాత్రం ఎవరూ చావలేదు.
రాక్షసుడు డోన్‌లో దిగి టీ తాగుతున్నాడు,
చిలకకు సాసర్లో పోసి.

ఇప్పుడు నా అంగడిలో సెల్ రీఛార్జి.
ఒక్క కాపీ దాచుకున్నా.
దాని చివరి పేజీలో ఆయన రాత ఇట్లా ఆగింది:
"అప్పుడు రాక్షసుడు చిలకను అరచేతిలోకి తీసుకొని,
దాని బరువెంతో చూసి,"

కామా. మరుసటి రోజు స్టూలు ఖాళీ.

మొన్న ఒక పిల్లోడు రీఛార్జి కోసం వచ్చి
నిలబడే చదివినాడు, ఫోన్ మోగుతున్నా ఎత్తకుండా.
"తర్వాతేమైంది మామా?"
పావలా ఇయ్యి చెప్తా అన్నా.
పావలా అంటే ఏందో వానికి తెలీదు.