ఇలే, ఉలే, మన

పంగాని ఆస్పత్రి లాండ్రీలో రాత్రి పన్నెండు దాటాక
మూడో యంత్రం ఒక్కటే తిరుగుతుంది.
ఇబిరొంకే ఆ కొస, తూమే ఈ కొస పట్టుకుని
దుప్పట్లు విదిలిస్తారు.
నేను ఇస్త్రీ దగ్గర.
నా కంబా భాష సంగతి ఎవరూ అడగలేదు,
అందుకే వినడానికి తీరిక.

మాట్లాడుకునేది స్వాహిలీ, ఇద్దరికీ అరువుదే.
పోటీ మాత్రం సొంత నోళ్లది.

మొగుణ్ణి యోరుబాలో ఏమంటారో తూమే నేర్చుకుంది: ఒకో.
గొంతు కాస్త పైకి లేచిందట,
మొగుడు కాస్తా పార అయ్యాడట.
కిందికి జారితే బండి.
"నేను కాపురం చేసింది పారతోనేలే"
అంది తూమే, నవ్వకుండా.

ఒరోమోకి ఎత్తుపల్లాలు కావు, ఒత్తులు ముఖ్యం.
బదా అంటే చెడ్డది.
బద్దా అంటే చల్లటి మెరక నేల.
ఒక్క ద బరువుకి పొగమంచు దిగిపోతుంది.
ఇక ఊపిరి లోపలికి మింగి పలికే ఆ డ ఉంది చూశారూ,
ఇబిరొంకేకి ప్రతిసారీ ఎక్కిళ్లే.

ఇదంతా కాలక్షేపం.
అసలు కథలు రెండు గంటలకి, టీ నీళ్లు మరిగేటప్పుడు.

తూమే మొయాలే బొరానా పిల్ల. అత్తగారిల్లు నెకెమ్తె.
అందరిదీ ఒకటే ఒరోమో అని చెప్పి పంపారు.
కాఫీ ఎలా ఉందంటే "దన్సా" అంది.
బాగుందనడానికి అక్కడ గారీ అనాలి.
మరిది ఆ దన్సాని ఆరేళ్లపాటు
వచ్చిన చుట్టానికల్లా వడ్డించాడు.

ఇబిరొంకేది ఎకితి. చిన్నా పెద్దా అందరూ నువ్వే.
ఇబదాన్‌లో పెళ్లైన మర్నాడు అత్తగారిని
"నువ్వు లేచావా" అని పలకరించింది.
రోకలి ఆగింది. కోడి కూడా ఆగిందట.
ఆ తర్వాత, ఇంటి మాట.
వాళ్లు ఇలే అంటే ఈవిడ ఉలే అనేది.
వాడలో పిల్లలు వెంటపడి
ఉ, ఉ, అని ఊళలు పెట్టేవారు.
మీరు నేర్చుకుంది. ఇలే నేర్చుకుంది.
కలలో మాత్రం ఉలేయేనట.

పోయిన శుక్రవారం ఫోనొచ్చింది.
ముసలావిడకి పక్షవాతం, మూతి ఒక పక్కకి పోయింది.
"ఎప్పుడొస్తావు, ఉలేకి?" అని అడిగింది.
ఉలే అనే అంది.
వెక్కిరింపా, నోరు తిరగకా, లేక...
ఆ లేక దగ్గర ఆగిపోయింది ఇబిరొంకే,
దుప్పటి కొస చేతిలోనే.

తూమే పెదవులు కదిపి చూసుకుంది,
ఇ, ఉ, ఇ, ఉ.
"వంకర మూతికి ఇ సులువు.
ఉ అనాలంటే రెండు పెదవులూ కూడాలి" అంది.
"కష్టపడి అని ఉంటుంది."

చాలాసేపటికి ఇబిరొంకే అడిగింది,
"మీలో ఇంటిని ఏమంటారు?"
"మన."
"నెకెమ్తెలో?"
"అక్కడా మన. ఆ ఒక్కదానికీ ఎవరూ నవ్వలేదు."

మూడో యంత్రం ఆగింది.
తడి దుప్పట్లు చాలా బరువు.
నేనూ వెళ్లి ఒక కొస పట్టుకున్నాను.